పుర్రె బొమ్మ అట్ట వెనక



ఈ నెల నేను రాసే విషయం చూసి కొందరు నవ్వుతారు, కొందరు "ఇదేం పిచ్చి తల్లీ" అంటారు. పాత థ్రాష్ మెటల్ ఆల్బమ్‌ల గురించి రాస్తున్నాను. అవునండీ, అవే. అట్ట మీద పుర్రెలు, సమాధులు, నెత్తుటి మడుగులో సుత్తి. లోపల చెవులు చిల్లులు పడే గిటార్లు, గొంతు చించుకునే అరుపులు. మన ఇళ్లలో ఇవి చాలాచోట్లే ఉన్నాయి. మీ ఆయన హాస్టల్ రోజుల నాటి క్యాసెట్టో, మరిది వదిలేసి వెళ్లిన సీడీల కట్టో, ఈమధ్య మీ పదహారేళ్ల పిల్లాడు పాకెట్ మనీ దాచుకుని కొనుక్కొస్తున్న నల్లటి పెద్ద రికార్డులో అయి ఉంటాయి. ఇల్లు మారినప్పుడల్లా "ఈ చెత్త ఎందుకు, ఎవరికైనా ఇచ్చేద్దాం" అని మనం అనడం, వాళ్లు అడ్డం పడటం మామూలే.

ఇచ్చేసే ముందు ఒక్కసారి ఆ అట్ట తిప్పి వెనకవైపు సన్నక్షరాలు చదవండి. ముందువైపు పుర్రె ఉంటుంది, వెనకవైపు మనుషులుంటారు. ఆ పేర్ల వెనక కథ తెలిస్తే ఇది కూడా మనలాంటి ఇళ్ల చరిత్రేనని మీకే అనిపిస్తుంది. వలస వచ్చిన కుటుంబాలు, జీతం డబ్బులు పెట్టి కల కొనుక్కున్నవాళ్లు, ఊరు పేరు లేని కుర్రాళ్లకి అన్నం పెట్టిన ఆడవాళ్లు, అందరూ అందులో ఉన్నారు.

ముందు ఈ సంగీతం ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. 1970ల చివర్లో ఇంగ్లండులో మోటర్‌హెడ్, ఐరన్ మెయిడెన్, డైమండ్ హెడ్ లాంటి బృందాలు హెవీ మెటల్‌ని కొత్త ఊపుతో వాయించాయి. ఇంకోపక్క పంక్ అనే కోపిష్టి సంగీతం ఉండేది. ఈ రెండూ విన్న అమెరికా కుర్రాళ్లు దాని బరువుకి దీని వేగం కలిపారు. కచేరీలో తని ఆవర్తనం చివర మృదంగం, ఘటం పోటీపడి పరుగెత్తుతాయి చూశారూ, పాట మొదటినుంచి చివరిదాకా అదే పరుగు అనుకోండి. 1981 నుంచి 1983 లోపు లాస్ ఏంజెలెస్, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా, న్యూయార్క్ చుట్టుపక్కల ఇది రూపం దిద్దుకుంది. మెటాలికా, స్లేయర్, మెగాడెత్, ఆంత్రాక్స్ అనే నాలుగింటినీ కలిపి 'బిగ్ ఫోర్' అంటారు.

సంతలో రికార్డుల కొట్టు

న్యూజెర్సీలో ఉన్నవాళ్లకి రూట్ 18 తెలిసే ఉంటుంది. ఎడిసన్‌కి దగ్గర్లోనే ఈస్ట్ బ్రన్స్‌విక్. 1980ల మొదట్లో ఆ రోడ్డు మీదున్న ఒక ఫ్లీ మార్కెట్లో, అంటే మన వారపు సంతలాంటి చోట, జానీ జజూలా, మార్షా జజూలా అనే భార్యాభర్తలు 'రాక్ అండ్ రోల్ హెవెన్' పేరుతో చిన్న కొట్టు నడిపేవారు. మామూలు షాపుల్లో దొరకని యూరప్ రికార్డులు వాళ్ల దగ్గర దొరికేవి. ఒకరోజు కొనడానికి వచ్చినవాడు ఒక క్యాసెట్ చేతికిచ్చి వినమన్నాడు. కాలిఫోర్నియాలో ఎవరికీ తెలియని నలుగురు కుర్రాళ్ల పాటలు అవి. ఆ బృందం పేరు మెటాలికా.

జజూలాలు ఆ కుర్రాళ్లకి ఫోన్ చేసి, దారి ఖర్చులు పంపి, రమ్మన్నారు. 1983 వసంతంలో వాళ్లు అద్దె ట్రక్కులో సామానుతో పాటు ఎక్కి దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చిపడ్డారు. మొదట కొన్నాళ్లు ఓల్డ్ బ్రిడ్జ్‌లో జజూలాల ఇంట్లోనే మకాం. తర్వాత క్వీన్స్‌లోని జమైకాలో, బృందాలు సాధన చేసుకునే ఒక పాత భవనంలో పడుకున్నారు. వండుకోవడానికి ఏమీ లేదు. అక్కడే సాధన చేసుకునే ఆంత్రాక్స్ కుర్రాళ్లు వీళ్ల అవస్థ చూసి ఒక ఫ్రిజ్, ఒక టోస్టర్ అవెన్ తెచ్చిచ్చారు. మనం కొత్తగా దిగినప్పుడు ముందొచ్చినవాళ్లెవరో ఒక రైస్ కుక్కరూ, ఒక పరుపూ ఇచ్చారు కదా, అచ్చం అలాగే.

పెద్ద రికార్డు కంపెనీ ఏదీ ముందుకు రాలేదు. సరే అని భార్యాభర్తలే 'మెగాఫోర్స్ రికార్డ్స్' అని సొంత కంపెనీ పెట్టారు. 1983 జూలైలో మెటాలికా మొదటి ఆల్బమ్ 'కిల్ ఎమ్ ఆల్' ఆ పేరు మీదే వచ్చింది. కుర్రాళ్లు ముందు అనుకున్న పేరు మరీ మొరటుగా ఉందని పంపిణీదారులు ఒప్పుకోలేదు, ఆ కోపంలోంచి పుట్టిందే ఈ పేరు. ఆ తర్వాత ఆంత్రాక్స్, ఓవర్‌కిల్, టెస్టమెంట్ మొదటి ఆల్బమ్‌లూ మెగాఫోర్స్ నుంచే వచ్చాయి. ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది జానీ పేరుతో మొదలుపెట్టి అక్కడే ఆపేస్తారు. కొట్టు ఇద్దరిదీ, కంపెనీ ఇద్దరిదీ, కుర్రాళ్లు వచ్చిపడ్డ ఇల్లూ ఇద్దరిదీ. మార్షా 2021 జనవరిలో, జానీ 2022 ఫిబ్రవరిలో వెళ్లిపోయారు. ఇప్పుడు పాత అట్టల మీద ఆ చిన్న మెగాఫోర్స్ గుర్తు చూస్తే నాకు ముందు గుర్తొచ్చేది మార్షానే.

క్యాసెట్లలో తిరిగిన పాట

కాలిఫోర్నియా క్యాసెట్ న్యూజెర్సీ సంతకి ఎలా చేరిందంటారా? రేడియోలో ఈ పాటలు వేసేవాళ్లు కాదు, ఇంటర్నెట్ లేదు. అభిమానులు చిన్న చిన్న పత్రికల్లో అడ్రసులు పట్టుకుని ఒకరికొకరు క్యాసెట్లు పోస్టులో పంపుకునేవాళ్లు. నువ్వు నాకిది పంపు, నేను నీకది పంపుతా. కాపీకి కాపీ, దానికి మళ్లీ కాపీ, ప్రతి కాపీకీ గరగర పెరుగుతుంది. అయినా వినేవాళ్లు. మెటాలికా 1982లో చేసిన 'నో లైఫ్ టిల్ లెదర్' అనే ఏడు పాటల క్యాసెట్ ఇలాగే దేశదేశాలు తిరిగింది, ఆల్బమ్ రాకముందే వాళ్లకి పేరు తెచ్చింది.

గల్ఫ్‌లో ఉన్న మన అక్కలకి ఇది కొత్త కాదు. కువైట్ నుంచో దుబాయ్ నుంచో క్యాసెట్లో మాటలు రికార్డు చేసి, సెలవు మీద ఊరెళ్లేవాళ్ల చేతికిచ్చి పంపిన రోజులు మనవే. ఇంట్లో అందరూ టేప్ రికార్డర్ చుట్టూ కూర్చుని వినేవారు. గరగరలోంచే మనిషి గొంతు పట్టుకునేవాళ్లం. అందుకే పాత క్యాసెట్ కోసం నలభై, యాభై డాలర్లు పెట్టేవాడిని చూసి నేను నవ్వలేను. ఆ గరగరలో కూడా ఏదో ఉందని మనకీ తెలుసు. 2015లో మెటాలికా ఆ ఏడు పాటల్నీ మళ్లీ క్యాసెట్‌గానే, పరిమితంగా, రికార్డు షాపుల పండగ రోజున విడుదల చేసింది.

వీళ్లంతా ఎవరి పిల్లలు?

అన్నింటికంటే భయపెట్టే బృందం స్లేయర్. వాళ్ల గాయకుడు టామ్ అరాయా పుట్టింది చిలీ దేశంలోని వీన్యా దెల్ మార్‌లో. ఐదేళ్లప్పుడు కుటుంబంతో లాస్ ఏంజెలెస్ వచ్చాడు. డ్రమ్స్ వాయించే డేవ్ లొంబార్డో పుట్టింది క్యూబా రాజధాని హవానాలో. ఇక మన నర్సులు జాగ్రత్తగా వినండి. ఈ టామ్ అరాయా వృత్తి ఏమిటో తెలుసా? రెస్పిరేటరీ థెరపిస్టు. ఐసీయూలో అర్ధరాత్రి మనం "ఆర్‌టీని పిలవండి" అంటామే, ఆ ఆర్‌టీ. రెండేళ్ల కోర్సు చేసి, ఊపిరి అందని మనుషులకి ట్యూబు వెయ్యడం, నెత్తురు తియ్యడం నేర్చుకుని ఆసుపత్రిలో పనిచేశాడు.

1983లో స్లేయర్ మొదటి ఆల్బమ్ 'షో నో మెర్సీ' చెయ్యడానికి కంపెనీ దగ్గర డబ్బు లేదు. అరాయా దాచుకున్న జీతం, గిటారిస్టు కెర్రీ కింగ్ వాళ్ల నాన్న ఇచ్చిన అప్పు కలిపి రికార్డు చేశారు. తర్వాత యూరప్ టూర్‌కి సెలవు అడిగితే ఆసుపత్రి ఇవ్వలేదు, ఆ ఉద్యోగం పోయింది. పేరు చూస్తే 'దయ లేదు' అని, పెట్టుబడి చూస్తే రోగులకి ఊపిరి పట్టించి సంపాదించిన డబ్బు. జీతంలోంచి ఇంటికి పంపి, మిగిలింది దాచి, దానితో ఏదో ఒకటి కట్టుకోవాలనుకునే మనకి ఈ లెక్క వేరే చెప్పాలా?

బే ఏరియాలో డెత్ ఏంజెల్ అని ఇంకో బృందం. ఐదుగురూ ఫిలిప్పీన్స్ కుటుంబాల పిల్లలు, ఐదుగురూ ఒకరికొకరు కజిన్స్. 1987లో 'ది అల్ట్రా వయొలెన్స్' అనే మొదటి ఆల్బమ్ వచ్చింది. అది రికార్డు చేసేనాటికి డ్రమ్స్ వాయించిన ఆండీ గేలియన్‌కి 14 ఏళ్లు. మన ఇళ్లలో పద్నాలుగేళ్ల పిల్లాడికి కుమాన్ హోంవర్క్ చేశావా అని అరుస్తూ ఉంటాం! అంతకుముందు వాళ్ల డెమో క్యాసెట్‌కి దగ్గరుండి సాయం చేసింది మెటాలికా గిటారిస్టు కర్క్ హామెట్. ఆయన తల్లిదీ ఫిలిప్పీన్సే. ప్రతి వార్డులో మనతో పాటు డబుల్ షిఫ్టులు చేసే ఫిలిపీనా నర్సులు లేరూ, ఆ సమాజం నుంచి వచ్చిన పిల్లలే వీళ్లు. టెస్టమెంట్ గాయకుడు చక్ బిల్లీ కాలిఫోర్నియా మూలవాసులైన పోమో తెగవాడు. కాబట్టి ఇది తెల్ల కుర్రాళ్ల గోల అనుకుంటే, సగం కథ వదిలేసినట్టే.

అమ్మలు రెండు వైపులా

1985లో వాషింగ్టన్‌లో కొందరు పెద్ద ఇళ్ల ఆడవాళ్లు ఈ పాటల మీద యుద్ధం ప్రకటించారు. సెనేటర్ అల్ గోర్ భార్య టిప్పర్ గోర్, ట్రెజరీ సెక్రటరీ భార్య సుసాన్ బేకర్ వాళ్లలో ముఖ్యులు. టిప్పర్ గోర్ తన 11 ఏళ్ల కూతురికి ప్రిన్స్ ఆల్బమ్ కొనిచ్చి, అందులో ఒక పాట విని అదిరిపడ్డారు. అలా మొదలైంది. ఆ ఏడాది సెప్టెంబరు 19న సెనేట్‌లో విచారణ జరిగింది. ఆల్బమ్‌ల మీద మనం చూసే తల్లిదండ్రులకి హెచ్చరిక ముద్ర ఆ గొడవ ఫలితమే.

ఆమె భయం నాకు అర్థమవుతుంది. తలుపు వేసుకున్న గదిలోంచి ఏ మాటలు వస్తున్నాయో తెలియకపోతే తల్లికి నిద్ర పట్టదు. పైగా మనకైతే భాష యాస కూడా సరిగ్గా అందదు.

అదే సంవత్సరం దేశానికి ఆ చివర, బే ఏరియాలో, యాభైలు దాటిన డెబీ అబోనో అనే ఆవిడ ఏం చేస్తోందో చూడండి. 'పొసెస్డ్' అనే బృందానికి మేనేజర్‌గా ఉంది. పేరే 'దయ్యం పట్టినవాళ్లు'. ఆ బృందంలో హైస్కూలు పిల్లలున్నారు. 'సెవెన్ చర్చెస్' అనే మొదటి ఆల్బమ్‌ని ఈస్టర్ సెలవుల్లో రికార్డు చేశారు, ఎందుకంటే సెలవులైపోతే బడికి వెళ్లాలి! డెబీ తర్వాత ఫర్బిడెన్, వయొలెన్స్ లాంటి ఇంకొన్ని బే ఏరియా బృందాల వ్యవహారాలూ చూసింది. 2010లో ఆవిడ పోయేనాటికి ఆ తరం వాయిద్యగాళ్లకి ఆవిడ ఇంటి పెద్దలాంటిది.

ఇద్దరూ అమ్మలే. ఒకరు బయట నిలబడి తలుపు మీద హెచ్చరిక అతికించారు. ఇంకొకరు తలుపు తీసి లోపలికి వెళ్లి కూర్చున్నారు. మొదటి పని తప్పని నేను అనను. కానీ మన పిల్లల విషయంలో మనం ఎక్కువగా మొదటిదే చేస్తాం, రెండోది ఎప్పుడో గాని చెయ్యం.

లోపలికి వెళ్తే ఏం వినిపిస్తుందంటే, అంతా దయ్యాల పాటలు కావు. 1986లో వచ్చిన మెటాలికా 'మాస్టర్ ఆఫ్ పప్పెట్స్'లో అదే పేరున్న పాట, మత్తుమందు మనిషిని తోలుబొమ్మలా ఎలా ఆడిస్తుందో చెప్పే పాట. 1988లోని 'వన్' యుద్ధంలో కాళ్లూ చేతులూ చూపూ మాటా పోగొట్టుకున్న సైనికుడి గురించి. అణుయుద్ధం గురించీ, కోర్టుల్లో న్యాయం అమ్ముడుపోవడం గురించీ బోలెడు పాటలున్నాయి. అన్నీ అంత గొప్పవి కావు, రెచ్చగొట్టడానికే రాసినవీ ఉన్నాయి. స్లేయర్ 1986 ఆల్బమ్ 'రీన్ ఇన్ బ్లడ్'లో నాజీ డాక్టర్ మెంగెలే మీద రాసిన పాట వల్ల, పంపిణీ చెయ్యాల్సిన పెద్ద కంపెనీ చేతులెత్తేసింది. ఇంకో కంపెనీ దాన్ని చప్పుడు చెయ్యకుండా బయటికి తెచ్చింది. పిల్లలు వింటుంటే కూర్చుని మాట్లాడాల్సిన పాటలు ఇలాంటివే.

ఆడగొంతులూ ఉన్నాయి

ఈ సంగీతంలో ఆడవాళ్లు కొట్టు వెనకా, ఆఫీసులోనే కాదు, మైకు ముందూ ఉన్నారు. జర్మనీలో ఆకెన్ నగరం నుంచి వచ్చిన హోలీ మోజెస్ బృందానికి గాయని సబీనా క్లాసెన్. 1987 నాటి 'ఫినిష్డ్ విత్ ది డాగ్స్' వింటే అది ఆడగొంతని చెప్పకపోతే తెలియదు. లాస్ ఏంజెలెస్‌లో డెటాంట్ బృందంలో డాన్ క్రాస్బీ పాడింది, 1986లో 'రికగ్నైజ్ నో అథారిటీ' వచ్చింది. 1996లో చిన్న వయసులోనే చనిపోయింది. మన నర్సులు చాలామంది ఉన్న బర్మింగ్‌హామ్ నుంచి సాక్రిలేజ్ అనే బృందం, గాయని లిండా సింప్సన్. షికాగోలో జ్నోవైట్, గాయని నికోల్ లీ. ఇవి బిగ్ ఫోర్ అంత అమ్ముడుపోలేదు. అందుకే పాత ముద్రణలు దొరకడం కష్టం, సేకరించేవాళ్లు వెతికేదీ అందుకే. అమ్ముడుపోని ఆల్బమ్‌ని ఎవరో ఒకరు దాచిపెట్టకపోతే, ఆ గొంతు ఉండేదన్న సంగతే పోతుంది.

కాస్ట్రో వ్యాలీ తల్లిదండ్రులు

ఇప్పుడు చెప్పేది కొంచెం బరువైన కథ. బే ఏరియాలోని కాస్ట్రో వ్యాలీలో జాన్ బర్టన్ అనే టీచరమ్మ ఉండేది, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చదువు చెప్పేది. భర్త రే. 1975లో వాళ్ల పెద్దబ్బాయి స్కాట్ మెదడులో రక్తనాళం చిట్లి చనిపోయాడు. 16 ఏళ్లు. 13 ఏళ్ల తమ్ముడు క్లిఫ్, అన్న కోసం గొప్ప బేస్ గిటారిస్టునవుతానని రోజుకి ఆరేసి గంటలు సాధన మొదలుపెట్టాడు. మెటాలికా అతన్ని రమ్మంటే, మీరే మా ఊరి వైపు రండి అన్నాడు. బృందం మొత్తం లాస్ ఏంజెలెస్ వదిలి బే ఏరియాకి మారింది. మొదటి మూడు ఆల్బమ్‌లలో వినిపించే బేస్ అతనిదే.

1986 సెప్టెంబరు 27 తెల్లవారుజామున స్వీడన్‌లో బృందం ప్రయాణిస్తున్న బస్సు బోల్తా పడింది. క్లిఫ్ పోయాడు. 24 ఏళ్లు. ఆ అమ్మానాన్నలకి ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న దుఃఖం. జాన్ 1993లో పోయింది. రే మాత్రం తొంభైలు దాటేదాకా కొడుకు పేరు చెప్పుకున్నాడు, మెటాలికా కచేరీలకి వెళ్లేవాడు. క్లిఫ్ పాటల మీద వచ్చే రాయల్టీ డబ్బుని ఏం చేస్తున్నాడో 2017లో బయటపెట్టాడు. క్లిఫ్ చదివిన కాస్ట్రో వ్యాలీ హైస్కూల్లో సంగీతం నేర్చుకునే పిల్లలకి స్కాలర్‌షిప్పుగా ఇస్తున్నాడట. 2018లో ఆ కౌంటీ క్లిఫ్ పుట్టినరోజు ఫిబ్రవరి 10ని క్లిఫ్ బర్టన్ రోజుగా ప్రకటించింది. రే 2020లో కన్నుమూశాడు.

'మాస్టర్ ఆఫ్ పప్పెట్స్' అట్ట మీద వరసగా తెల్ల సిలువల సమాధులుంటాయి. ఆ ఆల్బమ్ వచ్చింది 1986 మార్చిలో, క్లిఫ్ పోయింది సెప్టెంబరులో. ఇది తెలిశాక ఆ బొమ్మని మళ్లీ 'చెత్త బొమ్మ' అనలేకపోయాను.

మూలపడి, మళ్లీ లేచి

1991లో మెటాలికా నల్ల అట్టతో నెమ్మదైన పాటల ఆల్బమ్ తెచ్చింది, అది కోట్లలో అమ్ముడుపోయింది. అదే ఏడాది నిర్వాణా వచ్చి అందరి చెవులూ అటు తిప్పింది. థ్రాష్ పాతబడింది. కంపెనీలు వదిలేశాయి, బృందాలు విడిపోయాయి. డెత్ ఏంజెల్ కుర్రాళ్లు అంతకు ముందే, 1990లో, అరిజోనాలో బస్సు ప్రమాదానికి గురయ్యారు. ఆండీ గేలియన్ కోలుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది, బృందం చెల్లాచెదురైంది.

మళ్లీ అందర్నీ కలిపింది ఒక జబ్బు. 2001లో టెస్టమెంట్ చక్ బిల్లీకి గుండె దగ్గర క్యాన్సర్ గడ్డ ఉందని తేలింది. ఇన్సూరెన్స్ కాగితాలూ, బిల్లులూ మనకి తెలియనివి కావు. స్నేహితులు ఆ ఆగస్టు 11న శాన్‌ఫ్రాన్సిస్కోలో సాయం కోసం 'థ్రాష్ ఆఫ్ ది టైటన్స్' అని కచేరీ పెట్టారు. క్యాన్సర్‌తో పోరాడుతున్న ఇంకో సంగీతకారుడు చక్ షుల్డినర్ కోసం కూడా. ఎప్పుడో విడిపోయిన బృందాలు ఆ ఒక్క రాత్రి కోసం కలిశాయి. ఎక్సోడస్ వచ్చింది, డెత్ ఏంజెల్ వచ్చింది. వచ్చినవాళ్లు మళ్లీ విడిపోవడానికి మనసొప్పక కొత్త ఆల్బమ్‌లు చేశారు. చక్ బిల్లీ బతికి బట్టకట్టి ఇప్పటికీ పాడుతున్నాడు. షుల్డినర్ ఆ డిసెంబరులోనే పోయాడు.

ఆ తర్వాత పాత ఆల్బమ్‌ల మీద మళ్లీ ప్రేమ మొదలైంది. 2010లో బిగ్ ఫోర్ నలుగురూ మొదటిసారి ఒకే వేదిక మీద, పోలండులోని వార్సాలో వాయించారు. మన దేశానికీ వచ్చారు. మెగాడెత్ 2008లో, మెటాలికా 2011 అక్టోబరు 30న, స్లేయర్ 2012లో బెంగళూరులో వాయించారు. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి వెళ్లినవాళ్లలో మీ తమ్ముడో, అప్పటికింకా పెళ్లికాని మీ ఆయనో ఉన్నారేమో అడిగి చూడండి. ఇక రికార్డుల సంగతికొస్తే, 2022లో అమెరికాలో ఎల్పీ రికార్డులు సీడీల కంటే ఎక్కువ అమ్ముడయ్యాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి.

పాత ముద్రణే ఎందుకు?

"ఫోన్లో అన్నీ వస్తున్నాయి కదా, డబ్బులు తగలేసి పాతవి కొనడం ఎందుకు?" అని మనం అడుగుతాం. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఏమిటంటే, ఫోన్లో వచ్చేది చాలాసార్లు అదే పాట కాదు.

మెగాడెత్ 1990 ఆల్బమ్ 'రస్ట్ ఇన్ పీస్' తీసుకోండి. 2004లో దాన్ని మళ్లీ కలిపి విడుదల చేసేటప్పుడు పాత టేపుల్లో కొన్ని గొంతులు దొరకలేదు. డేవ్ మస్టెయిన్ ఆ చోట్ల మళ్లీ పాడాడు. 1990లో పాడిన గొంతు కావాలంటే పాత సీడీయో క్యాసెట్టో ఉండాలి. 'కిల్ ఎమ్ ఆల్'ని 1988లో ఎలెక్ట్రా కంపెనీ మళ్లీ వేసినప్పుడు రెండు పాటలు అదనంగా చేర్చింది, తర్వాతి ముద్రణల్లో తీసేశారు. 'రీన్ ఇన్ బ్లడ్' మొత్తం అరగంట కూడా లేదు. అందుకని క్యాసెట్టుకి రెండు వైపులా ఆల్బమ్ మొత్తం వేసేశారు! మెటాలికా రెండో ఆల్బమ్ 'రైడ్ ది లైట్నింగ్' అట్ట నీలం రంగు. 1984లో ఒక ఫ్రెంచి కంపెనీ పొరపాటున ఆకుపచ్చగా అచ్చువేసింది. 400 దాకా బయటికొచ్చాయి, ఇప్పుడు సేకర్తలకి అదో నిధి.

వీటన్నిటికంటే నాకు విలువైనది వెనక అట్ట, లోపలి కాగితం. ఎక్కడ రికార్డు చేశారు, ఎవరు డబ్బు పెట్టారు, ఎవరికి కృతజ్ఞతలు. ఆ కాలపు ఆల్బమ్‌లలో కృతజ్ఞతల జాబితాలు బారెడు ఉంటాయి. స్నేహితులు, తోటి బృందాలు, అమ్మానాన్నలు, పడుకోవడానికి చోటిచ్చినవాళ్లు. ఫోన్లో పాట వస్తుంది, ఆ జాబితా రాదు. పెళ్లి శుభలేఖ వెనక బంధువుల పేర్లు తీసేసి, ముహూర్తం మాత్రం ఉంచినట్టు ఉంటుంది.

మీ ఇంట్లో ఇవి ఉంటే కొన్ని జాగ్రత్తలు. ఎల్పీ రికార్డుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. డాలస్, హ్యూస్టన్, దుబాయ్ ఎండలకి గరాజ్‌లోనో కారులోనో పెడితే అప్పడంలా వంగిపోతాయి. క్యాసెట్లని టీవీ, స్పీకర్ల అయస్కాంతాలకి దూరంగా ఉంచండి. చెమ్మ తగిలే బేస్‌మెంట్ నేల మీద అట్టపెట్టె పెట్టకండి, బూజు పడితే అట్ట పోతుంది. అట్ట పోతే పేర్లూ పోతాయి. అమ్మాలనుకుంటే, వెనక ఏ కంపెనీ పేరుందో, రికార్డు మధ్యలో లేబుల్ దగ్గర గీసిన అంకెలేమిటో చూడకుండా గంపగుత్తగా ఇచ్చెయ్యకండి. మెగాఫోర్స్ పేరున్న మొదటి ముద్రణకీ, నిరుడు వేసిన దానికీ ధరలో చాలా తేడా ఉంటుంది.

పిల్లలు కొంటుంటే ఇంకో చిన్న పని చెయ్యండి. ఈసారి కొత్త రికార్డు ఇంటికొచ్చినప్పుడు "మళ్లీనా?" అనకుండా, ఆ వెనకట్ట మీది పేర్లు నాకు చదివి వినిపించు, వీళ్లెవరో చెప్పు అనండి. వాడికి తెలియకపోతే మీరు చెప్పొచ్చు. న్యూజెర్సీ సంతలో కొట్టు పెట్టుకున్న మార్షా గురించి, జీతం డబ్బులతో రికార్డు చేసిన ఆర్‌టీ గురించి, కాస్ట్రో వ్యాలీ టీచరమ్మ గురించి. ఆ గోల మీకు నచ్చాలని ఏం లేదు. చెవుల్లో దూది పెట్టుకుని విన్నా పర్లేదు.